టేకు అంచు

"అద్దంలా మెరవాలే రత్నం. ఎక్కినోళ్ళు వంగి చూస్తే మొహం కనపడాలి," అంటూ గరుకు కాగితం ముక్కలు నా ఒళ్ళో పడేసి వెళ్ళాడు మా ఆయన.

రుద్దుతూ కూర్చున్నాను. పడవ చుట్టూ, ముక్కు దగ్గర మొదలై వెనక చుక్కాని దాకా, అరచెయ్యంత వెడల్పున టేకు అంచు ఉంది. చెక్క నరం ఎటు సాగితే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి, వార్నిష్ పూశాక అవి ఇంకా బాగా కనపడతాయి. ముందు ముతక కాగితం, తరవాత తడిగుడ్డ, ఆరాక సన్న కాగితం, మళ్ళీ గుడ్డ. బారెడు అంచుకి ఒక పూట పడుతుంది. ఈ మధ్యలో అన్నం వండాలి, అత్తకి మందులివ్వాలి, ఇసకలో ఆరబోసిన చేపలు తిరగెయ్యాలి, ఒంటిపూట బడి నుంచి మా అమ్మాయి ఇంద్రజ వచ్చేసరికి ఇంట్లో ఉండాలి. ఇవి పనులని మా ఇంట్లో ఎవరూ అనరు. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉంటుంది" అంటాడు మా ఆయన పెద్దిరాజు. ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పుడు బావా అని పిలిచాను, ఇప్పుడూ అదే పిలుపు.

ఉప్పెన వచ్చిన మరుసటేడు మా మావయ్య పోతయ్య కట్టించిన పడవ ఇది. నేను కాపురానికి వచ్చేసరికి దానికి నాకంటే ఎక్కువ వయసు. ఆరేళ్ళ కిందట ఫైబర్ పడవ కొన్నాక దీన్ని కాలవ గట్టు మీద సరుగుడు చెట్ల నీడకి లాగి, తాటి దుంగల మీద నిలబెట్టి వదిలేశారు. మావయ్య పోయే ముందు నన్ను పిలిచి, "దీనికి ఏడాదికోసారి నూనె పట్టించమ్మాయ్, ఎండిపోనివ్వకు," అన్నాడు. కొడుకుతో అనలేదు. పట్టిస్తూనే ఉన్నాను. కిందటేడు అవనిగడ్డ ఫొటోగ్రాఫర్ హరీష్ వచ్చి చూసేదాకా ఈ పడవ ఒకటుందని మా ఆయనకి గుర్తు లేదు. పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు విజయవాడ నుంచి మా వైపు పాలకాయతిప్ప తీరానికి వస్తున్నారని, ఫైబర్ పడవలు వాళ్ళకి నచ్చవని, ఇలాంటి పాత చెక్క పడవకైతే ఎగబడతారని హరీష్ చెప్పాడు. ఆ రోజు నుంచి మా ఆయన పొద్దున లేచి ముందు దీని మొహమే చూస్తున్నాడు.

నేను ఈ పడవ ఎక్కలేదు. మా వాళ్ళలో ఆడది పడవ ఎక్కదు. పడవ గంగమ్మ, అంటు తగలకూడదు అంటారు. నూనె పట్టించడానికి, పలకల సందుల్లో దూది, కొబ్బరి పీచు కూరడానికి, గుగ్గిలం కాచి పొయ్యడానికి, గోనెపట్టా పరుచుకుని కింద వెల్లకిలా పడుకుని అడుగు పలకలు గీకడానికి అంటు లేదు. ఆ పనులన్నీ బయట నుంచి చేసేవే. పద్దెనిమిదేళ్ళుగా ఈ పడవని నేను కింద నుంచే చూశాను. మా ఆయన చూసింది పై నుంచి.

"మరి విజయవాడ నుంచి వచ్చే ఆడపిల్లలు ఎక్కుతారు కదా," అన్నాను ఒకసారి.

"టూరిస్టులకి అంటేంటే?" అని నవ్వాడు.

"టిక్కెట్టు కొంటే పోద్దా అంటు?"

ఆ మాటకి నవ్వలేదు. మూడు రోజులు మాట్లాడలేదు. మా ఆయన కొట్టడు. ఊళ్ళో అందరూ నా అదృష్టం గురించి చెప్పేది అదే. కోపం వస్తే మాట మానేస్తాడు. అప్పుడు ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. ఇంద్రజ కంచం చప్పుడు కాకుండా కింద పెట్టడం ఎప్పుడో నేర్చుకుంది. ఒకసారి నలుగురిలో ఆయన మాట సరిదిద్దినందుకు నలభై రోజులు నాతో మాట్లాడలేదు. ఉప్పు తక్కువైతే ఆ సంగతి కూతురితో చెప్పించేవాడు, నేను ఎదురుగా నిలబడి ఉండగానే.

పడవకి పట్టించే జీడినూనె చర్మాన్ని తినేస్తుంది. నా చేతులు మణికట్టు దాకా నల్లబడి, వేళ్ళ చివర్లు నున్నగా అయిపోయాయి. రేషన్ దుకాణంలో మిషను నా వేలిముద్ర తీసుకోదు. బొటనవేలు పెడితే లేదంటుంది, చూపుడువేలు పెడితే లేదంటుంది, పది వేళ్ళూ అయ్యాక ఇంట్లో వేరేవాళ్ళని పంపమంటాడు దుకాణం అతను. "నువ్వు లేవంటోందే మిషను," అని ఇంటికొచ్చే చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తాడు మా ఆయన. నేనూ నవ్వేదాన్ని. బడిలో తల్లిదండ్రుల మీటింగుకి వెళ్తే ఇంద్రజ నా పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా నా చేతుల మీద తన పుస్తకం పెట్టేది. దాని తప్పు కాదు.

నూనె పట్టించే ముందు చెక్కని వేలి కణుపులతో కొట్టి చూడటం మావయ్య నేర్పాడు. ఆరోగ్యంగా ఉన్న చెక్క పలుకుతుంది. కుళ్ళిన చెక్క దెబ్బని మింగేసి ఊరుకుంటుంది. మాఘం నుంచి చినుకు లేదు, ఎండలు ముదిరాయి, పడవ ఎండి గలగలమనాలి. అలాంటిది ఆ మధ్యాహ్నం కింద పడుకుని కొడుతూ వస్తుంటే, కాలవ వైపు తిరిగి చూస్తే ఎడమ చేతి పక్కన, అడుగున నిలువునా సాగే వెన్నుకర్ర నుంచి రెండో పలక, సరిగ్గా పడవ నడుము దగ్గర, పలకలేదు. మళ్ళీ కొట్టాను. మింగింది. తలలో పిన్ను తీసి గుచ్చాను. ఉడికిన కందముక్కలోకి దిగినట్టు మొత్తం దిగిపోయింది. బయటికి తీస్తే తడిగా ఉంది. కుళ్ళు వాసనకి మొహం పక్కకి తిప్పుకున్నాను.

ఎందుకు కుళ్ళిందో నాకు తెలుసు. కిందటి భాద్రపదంలో, ముసురు పట్టి పడవ తడిసి ఉండగా, ఎవరో చెప్పారని బందరు నుంచి నల్లరంగు డబ్బాలు తెచ్చి అడుగంతా దట్టంగా పూయించాడు. "ఈ రంగు పడితే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు. నీ నూనె కంపు వదులుద్ది," అన్నాడు. "ఎండనివ్వు బావా, తడి లోపలే ఉండిపోద్ది," అన్నాను. "చేపల పులుసు గురించి చెప్పు, వింటా," అన్నాడు. నూనె పట్టిన చెక్క ఊపిరి పీలుస్తుంది. ఆ రంగు కింద చెక్కకి నోరూ ముక్కూ మూసేసినట్టయింది.

ఇటుక ముక్కతో మెత్తబడిన మేరంతా గీత గీశాను. నడుము దగ్గర నుంచి ముందుకి మూడు జానలు. ఆ రాత్రి అన్నం పెడుతూ చెప్పాను. కంచంలోంచి తల ఎత్తలేదు. సరే చూస్తాలే అన్నాడు. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే నా గీతలు లేవు. అక్కడ మాత్రమే, సరిగ్గా నేను గీసిన మేరకి, కొత్త నల్లరంగు నిగనిగలాడుతోంది. ఇంకా ఆరలేదు. నా వేలికి అంటుకుంది.

అంటే చూశాడు. తెలిసే పూశాడు. గోనెపట్టా మీద కూర్చుని ఆ వేలిని చాలాసేపు చూసుకున్నాను.

ముక్కు దగ్గర విరిగిన అంచుకి కొత్త టేకు ముక్క అతకడానికి, లోపల బల్లలు బిగించడానికి బందరు నుంచి రామబ్రహ్మం గారు వచ్చారు. పడవల వడ్రంగి, పెద్దాయన. మజ్జిగ ఇచ్చి అడిగాను.

"నడుము దగ్గర అడుగు పలక చూశారా అండీ?"

"నాకు పైపనే చెప్పారమ్మా. అంచు, బల్లలు."

"ఒక్కసారి కొట్టి చూడండి."

గట్టు మీద ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసి, వంగి, కొయ్యసుత్తి పిడితో ఒక్క దెబ్బ కొట్టారు. రెండో దెబ్బ కొట్టలేదు.

"పలక మార్చాలంటే పడవంతా విప్పాలి. రెండు నెలల పని. ఆయనకి ఆదివారానికి కావాలంట."

"మీరు చెప్తే వింటాడు."

"నేను చెప్తే ఇంకో వడ్రంగిని తెచ్చుకుంటారమ్మా." మజ్జిగ గ్లాసు నా చేతికిస్తూ, గొంతు తగ్గించి, "మీ పిల్లల్ని మాత్రం ఎక్కించకండి," అన్నారు.

సాయంత్రం మా ఆయన హుషారుగా వచ్చాడు. చల్లపల్లి నుంచి ఇంద్రజకి పట్టులంగా తెచ్చాడు. "ఆదివారం పడవ నీళ్ళలో దించేటప్పుడు మన పిల్ల ముక్కు మీద కూర్చుంటది. హరీష్ వీడియో తీస్తాడు. ఇంట్లో పిల్లే ఎక్కిందంటే జనానికి నమ్మకం," అన్నాడు.

"ఆడపిల్లని పడవెక్కిస్తావేంట్రా?" అంది మా అత్త వీరదుర్గ.

"ఇంకా పెద్దమనిషి అవలేదుగా. తప్పు లేదు."

పన్నెండేళ్ళ పిల్ల లంగా నడుముకి చుట్టుకుని అద్దం ముందు తిరుగుతోంది. "వద్దు బావా," అన్నాను. ఎందుకని అడగలేదు. ఎందుకో ఆయనకీ తెలుసు. ఏది వద్దన్నా ఎందుకని అడిగే మనిషి ఆ రోజు అడగకపోయేసరికి నాకు భయం వేసింది. "కాలవ దాటి నదిలో ఒక్క చుట్టు. అరగంట. అంతలో ఏం కాదు," అన్నాడు, నేనేమీ చెప్పకుండానే.

కొత్తగా దించే పడవకైనా, బాగుచేసి దించే పడవకైనా మాలో ఒక పద్ధతి ఉంది. ఆ ఇంటి ముత్తయిదువ పసుపు ముద్దలో అరచెయ్యి ముంచి పడవ ముక్కుకి అటొకటి ఇటొకటి చేతిముద్ర వెయ్యాలి. ఆ చెయ్యి పడందే తాడు పట్టిన ఏ మగాడూ పడవని నీళ్ళలోకి వదలడు. మా ఇంట్లో ఆ చెయ్యి నాదే. అత్తకి మావయ్య పోయినప్పుడే ఆ పని పోయింది.

శనివారం పొద్దున నాతో కలిసి పసుపుకొమ్ములు దంచుతూ అత్త నా వైపు చూడకుండా అడిగింది.

"పలకట్లేదా?"

నేను రోకలి ఆపాను. "నీకెలా తెలుసత్తా?"

"నీకంటే ముందు ఇరవయ్యేళ్ళు ఆ కింద పడుకున్నదాన్ని." ఇంకో కొమ్ము రోట్లో వేసింది. "చిన్నారావు ఎక్కిన పడవ వేరేది. అదీ పలకలేదు. మీ మావయ్యతో చెప్పా. నోరు ముయ్యమన్నాడు. మూశా. పసుపు చెయ్యి నేనే వేశా దానికి. నా చేత్తో నేనే."

చిన్నారావు మా ఆయన తమ్ముడు. ఇంట్లో ఫొటో ఉంది, దండ ఉంది. గాలివానకి పోయాడని అందరూ చెప్తారు. మావయ్య నాకు కొట్టి చూడటం ఎందుకు నేర్పాడో, పక్కన కూర్చుని ప్రతి పలకా ఎందుకు కొట్టించేవాడో అప్పుడు అర్థమైంది. కొడుకుతో ఎందుకు చెప్పలేదో కూడా. చెప్పాలంటే తమ్ముడు ఎలా పోయాడో చెప్పాల్సి వచ్చేది.

"మరి నన్నేం చెయ్యమంటావత్తా?"

ఆవిడ దంచుతూనే ఉంది.

ఆదివారం ఎనిమిదింటికే గట్టు మీద జనం. విజయవాడ జంట కారు దిగి గొడుగు కింద నిలబడ్డారు. పెళ్ళికూతురు కాబోయే పిల్ల బంగారు రంగు గౌను ఇసకలో ఈడ్చుకుపోతోంది. పడవ తాటి దుంగల మీద, ముక్కు కాలవ వైపు. లోపల ఆ చివర నుంచి ఈ చివరకి పచ్చటి ప్లాస్టిక్ గడ్డి తివాచీ పరిచేశారు. పలక ఒక్కటీ కనపడదు. టేకు అంచు మాత్రం మెరుస్తోంది. వంగితే నిజంగానే నా మొహం కనపడింది. ఇంద్రజ అప్పటికే ముక్కు మీద కూర్చుని ఉంది, కాళ్ళు ఊపుతూ. చక్రాలకి పెట్టే రాళ్ళలాగా దుంగలకి అడ్డం పెట్టిన రాళ్ళు తీసేశారు. వెనక నుంచి తాళ్ళు బిగబట్టి పట్టుకున్న పదిమంది వల్లే పడవ వాలులో నిలబడి ఉంది. నేను చెయ్యి వేస్తే వాళ్ళు కొద్దికొద్దిగా తాడు వదులుతారు.

"చేతులు కొంగులో పెట్టుకో రత్నం," మా ఆయన నా చెవి దగ్గర అన్నాడు. "పసుపులో ముంచాక తియ్యి. నల్లగా వీడియోలో పడితే అసయ్యంగా ఉంటది."

అత్త పసుపు గిన్నె పట్టుకుని నా ముందుకు వచ్చింది. హరీష్ కెమెరా ఎత్తాడు. కొంగులోంచి చేతులు తీశాను. పసుపులో ముంచలేదు. వంగి, పడవ నడుము కింద, కొత్త నల్లరంగు మీద కణుపులతో కొట్టాను. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు చూస్తూనే ఉన్నారు. పలకని చెక్కంటే ఏంటో వాళ్ళందరికీ తెలుసు.

"నేను చెయ్యి వెయ్యను బావా."

"ఏంటీ?"

"పిల్లని దించు. ఈ పడవకి నా చెయ్యి వెయ్యను."

నవ్వాడు. కెమెరా వైపు చూసి ఇంకొంచెం నవ్వాడు. "సిగ్గండీ, పల్లెటూరి మనిషి," అన్నాడు ఆ జంటతో. తరవాత నా దగ్గరకొచ్చి, పెదాలు కదలకుండా, "ఇంటికి రావా నువ్వు?" అన్నాడు.

అంటూనే తల్లి చేతిలో గిన్నె లాక్కోబోయాడు. అత్త గిన్నెని కొంగు కింద పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. ఎనభై దగ్గర పడుతున్న మనిషి. ఆయన లాగాడు, ఆవిడ వదల్లేదు. పసుపు ఆవిడ తెల్లచీర మీద ఒలికింది. దొరికినంత అరచేతికి రాసుకుని ఆయనే వెళ్ళి పడవ ముక్కు మీద ఫట్మని చెయ్యి వేశాడు. గట్టు మీద ఎవరో ఆడవాళ్ళు అయ్యో అన్నారు.

"ఊఁ, వదలండి తాడు."

ఎవరూ వదల్లేదు.

"వదినె చెయ్యి పడలేదు కదన్నా," అన్నాడు తాడు పట్టుకున్నవాళ్ళలో ఒకడు, కిందకి చూస్తూ.

"వదినె చెయ్యి! అన్నం వండే చెయ్యిరా అది. పడవ గురించి దానికేం తెలుసు? ఇదిగో చూడండి." అంచు పట్టుకుని ఎగిరి లోపలికి దూకాడు. పడవ ఊగింది. ఇంద్రజ ఊపుతున్న కాళ్ళు ఆపేసింది. "కుళ్ళిందంట! ఏదిరా కుళ్ళింది?" వెనక బల్ల దగ్గర మడమతో గట్టిగా తొక్కాడు. చెక్క పలికింది. "ఇదా?" ఇంకో అడుగు వేసి తొక్కాడు. అదీ పలికింది. జనంలో ఎవరో నవ్వారు. ఆయనా నవ్వాడు. మూడోది నడుము దగ్గర, ఎడమ పక్క.

చప్పుడు రాలేదు.

కాలు తొడ దాకా దిగిపోయింది. తివాచీ ఆ కాలి చుట్టూ ముడుచుకుని లోపలికి పోయింది. ముందు ఆయన అరవలేదు. ఆశ్చర్యంగా చూశాడు. తరవాత అరిచాడు. ఆ కుదుపుకి దుంగలు ఒక అడుగు దొర్లాయి. తాళ్ళు బిగుసుకున్నాయి. "పట్టుకోండ్రా, వదలద్దు, పిల్లుంది!" ఇంద్రజ రెండు చేతులతో టేకు అంచు పట్టుకుని నన్నే చూస్తోంది. తాళ్ళు పట్టుకున్న పదిమందిలో ఏ ఒక్కరు వదిలినా పడవ కాలవలోకి జారుతుంది, ఆయన కాలు దుంగ కింద పడుతుంది, పిల్ల నీళ్ళలో పడుతుంది. హరీష్ ఒక కాలు అంచు మీద పెట్టి, పచ్చ తివాచీ వైపు చూసి, వెనక్కి తీసేసుకున్నాడు. ముక్కు ముందు నిలబడి పిల్లని అందుకుందామంటే, జారితే పడవ మీదికే వస్తుంది. లోపల ఎక్కడ కాలు పెడితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

చెప్పులు విడిచాను. అత్త నా వైపు చూసింది, ఆడది పడవెక్కకూడదని అనలేదు. పద్దెనిమిదేళ్ళుగా రుద్దిన అంచు మీద చేతులు ఆనించి లోపలికి ఎక్కాను.

లోపలి నుంచి పడవ చాలా చిన్నది.

"చెయ్యియ్యవే రత్నం," అన్నాడు మా ఆయన. చెయ్యి చాచాడు. మొహం పాలిపోయింది. అరచేతికి పసుపు ఇంకా తడిగానే ఉంది. "చెయ్యియ్యి. చెయ్యి."

"ముందు పిల్ల," అన్నాను.

ఆయన చాచిన చేతిని దాటుకుని, కుడి పక్క అంచు వెంట, ఇంద్రజ వైపు నడిచాను. తివాచీ కింద ఏముందో కనపడదు. నేను కిందకి చూడలేదు. ఆ పడవలో ఎక్కడ కాలు పెట్టకూడదో నాకు తెలుసు.